గంగయ్య కుడిచెయ్యి

సత్యవతి మంచం ఖాళీగా ఉందని నర్సు ఫోన్ చేసిన దగ్గర కదా మనం ఆగింది.

ఆ మంచం దాకా ఎలా వచ్చామో రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు వెళదాం. స్టెల్లా అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ పాఠం చెబుతుంది. యాంటీబయాటిక్ మందులకు లొంగకుండా మొండికేసిన బ్యాక్టీరియా మీద మడ అడవిలోని ఆకుల సారం ఏమైనా పనిచేస్తుందేమోనని పరిశోధన చేస్తోంది. ఉప్పలగుప్తం అవతల, సముద్రానికి దగ్గర్లో రొయ్యల చెరువు చేసుకునే గంగయ్య పడవేసుకుని వెళ్ళి ఆమెకు ఆ ఆకులు కోసుకొచ్చి ఇస్తుంటాడు. అతని భార్య సత్యవతికి ఆ చెరువులోనే కాలికి గుల్ల పెంకు కోసుకుంది. షుగరు మనిషి. పుండు మానలేదు, పైగా పాదమంతా పాకింది. ఆస్పత్రిలో పడుకోబెట్టి ఏ మందు ఎక్కించినా లాభం లేకపోయింది. ఆ పుండులోని బ్యాక్టీరియానే స్టెల్లా తన ల్యాబులో గాజు ప్లేటు మీద పెంచి, ఆ మడ ఆకుల్లో ఒకటైన తిల్లాకు సారం చుక్క వేసి చూసింది. మర్నాటికి చుక్క చుట్టూ రూపాయి బిళ్ళంత మేర ఒక్క క్రిమి మిగల్లేదు. ఆ సంతోషంలో ప్లేటు తీసుకెళ్ళి గంగయ్యకు చూపించింది. వారం తిరక్కుండానే, ఆదివారం తెల్లారేసరికి, సత్యవతి ఆస్పత్రిలో లేదు.

ఫోన్ వచ్చినప్పుడు స్టెల్లా రాజోలులో ఉంది. ఆరాధన ముగించుకుని, తండ్రితో కలిసి చర్చి మెట్లు దిగుతోంది.

"డ్యూటీ మారే టైములో ఆటో తెచ్చి తీసుకెళ్ళిపోయేరంట మేడం," అంది నర్సు. "డాక్టరుగారు కొత్త ఇంజెక్షను రాసి పెట్టేరు. తీరా వేద్దామంటే మనిషి లేదు."

ఆ కొత్త ఇంజెక్షను సంగతి స్టెల్లాకు తెలుసు. సత్యవతికి వైద్యం చేస్తున్న డాక్టర్ జనార్దన్ అడిగితే, మామూలుగా ఎవరూ చూడని పాత మందు ఒకటి ఆ బ్యాక్టీరియా మీద పెట్టి చూసింది. లొంగింది. ఆస్పత్రి ల్యాబువాళ్ళూ మరోసారి చూసి అవునన్నారు. శనివారం సాయంత్రం ఆ మాట డాక్టరుకు చెప్పి, గుండె బరువు దించుకుని రాజోలు బస్సెక్కింది. ఆ మాట గంగయ్యదాకా చేరేలోపే ఇలా జరిగిపోయింది.

గంగయ్యకు ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. అతను భార్యను ఎందుకు తీసుకెళ్ళి ఉంటాడో ఆమెకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. తిల్లచెట్టు పాలు చుక్క ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుంది. కంట్లో పడితే చూపే పోతుందని అంటారు. ల్యాబులో స్టెల్లా చేతికి తొడుగులు, కంటికి అద్దాలు లేకుండా ఆ ఆకు ముట్టుకోదు. అటువంటి ఆకు నూరి, నోరు తెరుచుకున్న పుండులో పెడితే?

ఆమె మొహం చూసి తండ్రి మత్తయి మాస్టారు స్కూటరు స్టాండు తీశారు. హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. తెల్ల చొక్కా, తెల్ల పంచె, ఆదివారం కాబట్టి చంకలో బైబిలు. దాన్ని భద్రంగా డిక్కీలో పెట్టారు.

"భోజనం వచ్చేక చేద్దాంలే స్టెల్లమ్మా. ఎక్కు."

బోడసకుర్రు వంతెన మీద గాలి విసిరికొడుతుంటే ఆయన గొంతు పెంచి అడిగారు. "ఆ ప్లేటు చూపించినప్పుడు నువ్వేమన్నావు?"

"ఏ మందూ చెయ్యలేనిది ఈ ఆకు చేసింది చూడండి బాబాయిగారూ అన్నానండి."

"అంతేనా?"

"అంతేనండి."

"ఆయనేమన్నారు?"

"ఏమీ అనలేదు. చాలాసేపు ప్లేటునే చూస్తూ నిలబడ్డారు."

అమలాపురం దాటారు, ఉప్పలగుప్తం దాటారు. కొబ్బరితోటలు పలచబడి, రోడ్డుకు రెండువైపులా చెరువులు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు, ఉప్పగాలి. ఇంతకు ముందు ఆ దారిన వచ్చినప్పుడల్లా స్టెల్లాకు ఎంతో హుషారుగా ఉండేది. ఇప్పుడు ఆ ఇల్లు ఇంకాస్త దూరంలో ఉంటే బాగుండుననిపించింది.

గంగయ్య ఇంటి వసారాలో నవారు మంచం వేసి ఉంది. దాని మీద సత్యవతి, కాలి కింద తలగడ ఎత్తు పెట్టుకుని పడుకుంది. మొహం జ్వరంతో కమిలిపోయి ఉంది. మంచం పక్కనే రాతి కల్వం. ఆ పక్కన స్టీలు గిన్నెలో ముదురాకుపచ్చ ముద్ద. వసారా అంతా కొబ్బరినూనె, చేదాకు కలిసిన వాసన.

స్టెల్లా చూపు ఆ గిన్నె మీద నుంచి సత్యవతి కట్టు మీదికి వెళ్ళింది. కట్టు మీద పాతగుడ్డ ఒకటి చుట్టి ఉంది. కింద ఏముందో కనిపించడం లేదు.

"రాసేరా బాబాయిగారూ?" అంది గుమ్మంలోనే నిలబడి.

గంగయ్య లేచాడు. పొడుగాటి మనిషి, భుజం మీదుగా తువాలు కప్పుకుని ఉన్నాడు. "రండి మేడంగారు. మాస్టారండీ, తమరిలా కుర్చీలో కూర్చోండి. ఎండనపడి వచ్చేరు. బొండాలు కొట్టిత్తాను."

"బొండాలు తరవాత తాగుతామండి. ముందు నాకీ మాట చెప్పండి."

"రాత్తే ఏటండి, రాయకపోతే ఏటండి?" గంగయ్య గొంతు పెరగలేదు, గట్టిపడింది. "ఏ మందూ పనిచెయ్యట్లేదు, ఇంకా పైకి పాకితే కాలు తియ్యాల్సొత్తాది, ఆలోచించుకోండని డాక్టరుగారే అన్నారు. ఆలోచించుకున్నామండి. తెచ్చేసుకున్నాం."

"మీరు తెచ్చేసుకుంటే జ్వరం తగ్గుతుందా అండీ? ఈ పసరు..."

"మీరేనండి చూపించేరు."

స్టెల్లా చెప్పులు విడిచి వసారాలోకి వచ్చింది.

"నా రెండు కళ్ళతో చూసేను మేడంగారు. ఆ పురుగు దీని కాల్లోంచి తీసిందే కదా. ఆ ఆకు నా చేత్తో నేను కోసిందే కదా. మీ గాజు పళ్ళెంలో చచ్చిన పురుగు మా ఆవిడ కాల్లో ఎందుకు చావదండీ?"

ఈ ప్రశ్నకు స్టెల్లా ఏటా క్లాసులో జవాబు చెబుతూనే ఉంటుంది. బోర్డు మీద బొమ్మ గీసి, పరీక్షలో వస్తుంది రాసుకోండి అని కూడా అంటుంది. ఆ మాటలు ఇక్కడ పనికిరావు. మంచం పక్కన నేల మీద కూర్చుంది. సత్యవతి చెయ్యి పట్టుకుంది. కాలిపోతోంది.

"ఆ పళ్ళెంలో పురుగు తప్ప ఇంకేమీ లేదు బాబాయిగారూ," అంది నెమ్మదిగా. "మాంసం లేదు, నెత్తురు లేదు, నరం లేదు. అందులో నిప్పు వేసినా పురుగు చస్తుంది. మీకు నేను చూపించినట్టే చుట్టూ ఖాళీ వస్తుంది. పిన్నిగారి కాలు పళ్ళెం కాదు కదండీ. పురుగు చావాలి, కాలు మిగలాలి. ఈ ఆకు మొదటి పని చేస్తుందని చూసేను. రెండోది చేస్తుందో లేదో నేనింకా చూడనేలేదు. మీకు ప్లేటు చూపించిన రోజున ఈ రెండో మాట కూడా చెప్పాల్సింది. చెప్పలేదు."

గంగయ్య లోపలికి వెళ్ళి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి మత్తయి మాస్టారికి అందించాడు.

మాస్టారు గ్లాసు అందుకోకుండా ఆ చేతినే చూశారు. అది ఎడమచెయ్యి. అక్కడి మనిషెవరూ ఇంటికొచ్చిన పెద్దవాడికి ఎడమచేత్తో నీళ్ళివ్వరు. అందులోనూ గంగయ్య అసలే ఇవ్వడు. స్టెల్లా ఎన్నిసార్లు వచ్చినా, కోసిన ఆకుల సంచి సైతం రెండు చేతులా పట్టుకుని ఇచ్చేవాడు.

"గంగయ్యగారూ," అన్నారు మాస్టారు, "మీ కుడిచేతికి ఏమైందండీ?"

"ఏం లేదండి. వల లాగితే పట్టేసింది."

సత్యవతి కళ్ళు విప్పింది. "నన్ను ఆస్పత్రిలో ఏసింది మొదలు నువ్వు వల ముట్టుకుంటే కదా," అంది. గొంతు నీరసంగా ఉంది కానీ మాట సూటిగానే ఉంది. "ఇలా రా."

అతను కదల్లేదు. ఆమె మంచం మీద నుంచే చెయ్యి చాచి తువాలు కొస పట్టుకుని లాగింది.

మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రగా వాచిపోయి ఉంది. దాని నిండా నీటిబొబ్బలు. ఒకటి రెండు చితికి రసి కారుతున్నాయి.

స్టెల్లా ఆ చేతి మీదికి వంగి చూసింది.

"పొద్దున్నేనండి," అన్నాడు గంగయ్య, తప్పుచేసి దొరికిన పిల్లాడిలా నేల చూస్తూ. "మీ ల్యాబులో చూసినట్టే ఆకుల్ని నీడలో ఎండబెట్టి ఉంచేను. పొడి కొట్టి కొబ్బరినూనెలో నూరేను. తిల్లపాలు ఒంటికి పడవని నాకు తెలవదాండీ. పడవ తోలేదంతా ఆ చెట్ల మధ్యనే కదా. ఎండినాకులో పాలెక్కడుంటాయిలే అనుకున్నాను. తీరా దాని కట్టు విప్పబోతే చెయ్యాడలేదు. ముందు నాకు రాసుకుని చూద్దాం, ఏం కాకపోతే దానికి రాద్దాం అనుకున్నాను. ఇది నిద్రలో ఉంది, చూళ్ళేదు. కాసేపు దురదెట్టింది. తరవాత మంట. తరవాత ఇదిగో."

"కాలికి రాయలేదు," అంది స్టెల్లా.

"రాయలేదండి. ఇంక ఆ గిన్నె ముట్టుకోబుద్ధి కాలేదు."

"అసలు రాయలేదు కదా."

"ఒట్టండి. కట్టు ఆస్పత్రిలో కట్టినట్టే ఉంది. దుమ్ము పడకుండా పైన గుడ్డ చుట్టేనంతే."

స్టెల్లా మంచం పట్టె మీద తల ఆనించింది. ఏడుస్తున్నదో నవ్వుతున్నదో ఆమెకే తెలియలేదు. రాజోలు నుంచి ఇక్కడి దాకా, కట్టు విప్పితే కనబడబోయే పాదాన్ని తలుచుకుంటూనే వచ్చింది. చెక్కుచెదరని చర్మాన్నే ఇలా చేసినది ఆ పుండును ఏం చేసి ఉండేది? కానీ అదేమీ జరగలేదు. ఆ ముద్ద ఇంకా గిన్నెలోనే ఉంది.

"మరి వెంటనే వెనక్కి తీసుకెళ్ళొచ్చు కదండీ," అన్నారు మాస్టారు.

"తీసుకెళ్తే కాలు తీసేత్తారు. ఉంచుకుంటే ఏం చెయ్యాలో తెలీదు. అటూ ఇటూ తోచక ఇలా కూలబడిపోయేనండి, మీరొచ్చేదాకా."

స్టెల్లా కళ్ళు తుడుచుకుని లేచింది. పాత మందు సంగతి చెప్పింది. ఎవరూ వాడక మూలపడిన ఇంజెక్షను, కిడ్నీలకు కాస్త బరువు, అందుకే రోజూ రక్తం చూసుకుంటూ ఇస్తారు, ఈ బ్యాక్టీరియా దానికి లొంగింది, డాక్టరు రాసి పెట్టి ఎదురుచూస్తున్నారు అంది.

గంగయ్య అంతా విన్నాడు. "అది కూడా పళ్ళెంలోనే చూసేరా మేడంగారు?"

మత్తయి మాస్టారి పెదవి చివర చిన్న నవ్వు మెదిలింది. క్లాసులో మంచి ప్రశ్న పడినప్పుడు ఆయనకు అలాగే వస్తుంది.

"ఆయ్, పళ్ళెంలోనేనండి," అంది స్టెల్లా. "కానీ ఆ మందును నాకన్నా ముందు ఎంతోమంది రోగులకు ఇచ్చి చూసేరు. ఎంతివ్వాలో తెలుసు, ఎక్కడ ఆపాలో తెలుసు. తిల్లాకుకి ఆ పని ఇంకా ఎవరూ చెయ్యలేదు. ఇంజెక్షనుతో తగ్గితీరుతుందని నేను ఒట్టేసి చెప్పలేను. ఇక్కడే ఉంటే ఏమవుతుందో మాత్రం చెప్పగలను."

"నా కాలి గురించి మీరూ మీరూ మాట్టాడుకుంటన్నారు," అంది సత్యవతి. "నన్నడగరేటి?"

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"ఈయన చెయ్యి కాల్చుకున్నాడు. నేను ఇక్కడ పడుకుంటే రేపు ఇంకోటి కాల్చుకుంటాడు. ఆటో పిలవండి." భర్త వైపు చెయ్యి చాచింది. "లేపు. ఆ చేత్తో కాదు, ఎడమచేత్తో."

పోయే ముందు స్టెల్లా ఆ గిన్నెను పాలిథిన్ కవర్లో పెట్టి మూతి బిగించింది. పారబోస్తే కోళ్ళు తొక్కుతాయి. కల్వాన్ని ఎవరూ ముట్టుకోవద్దని పక్కింటివాళ్ళకు చెప్పించింది.

ఆస్పత్రిలో డాక్టర్ జనార్దన్ తిడతారని గంగయ్య భయపడ్డాడు. ఆయన సత్యవతిని లోపలికి పంపించి, గంగయ్య చేతిని తిప్పి తిప్పి చూశారు. ఏం జరిగిందో స్టెల్లా చెబుతుంటే విన్నారు.

"మీకు కోపం రావాల్సింది నా మీదండి," అన్నారు చివరికి. "కాలు తియ్యాల్సి రావచ్చు అని చెప్పేసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయేను. ఇంకో మందు చూస్తున్నాం, రెండు రోజులు ఓపిక పట్టండి అని కూడా చెప్పుంటే మీరు ఆగేవారు." తరవాత నర్సును పిలిచి, "ఈయనక్కూడా డ్రెస్సింగు చెయ్యమ్మా" అన్నారు.

మొదటి రోజు ఏమీ తెలియలేదు. రెండో రోజూ జ్వరం అలాగే ఉంది. స్టెల్లా కాలేజీకి వెళ్ళింది, పాఠం చెప్పింది, ఏం చెప్పిందో గుర్తులేదు. ల్యాబులో ప్లేట్ల జోలికి పోబుద్ధి కాలేదు. ఆ మర్నాడు వార్డులోకి అడుగు పెట్టేసరికి సత్యవతి మంచం మీద కూర్చుని, పూర్తిగా ఉడకలేదని ఆస్పత్రి ఇడ్లీకి వంక పెడుతోంది. స్టెల్లా ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. ఇంకోసారి వేసి చూసింది.

వాపు దిగాక జనార్దన్ పుండు శుభ్రం చేశారు. చిటికెనవేలు అప్పటికే నల్లబడిపోయింది. దాన్ని కాపాడలేకపోయారు. థియేటరులోంచి బయటికి వచ్చి, మాస్కు తీసి, బెంచీ మీద కూర్చున్న గంగయ్య పక్కనే తనూ కూర్చున్నారు. ఈసారి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోలేదు.

"వేలొకటి తీసేనండి. పాదం ఉంటుంది. కింద మాంసం ఎర్రగా ఉంది, అంటే నెత్తురు ఆడుతోంది. నడుస్తారు. చెప్పులు వేసుకునే నడవాలి, అది మాత్రం మీరు చూసుకోవాలి."

గంగయ్య దండం పెట్టడానికి చేతులెత్తాడు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. ఆ కట్టుతోనే పెట్టాడు. తరవాత తువాలులో మొహం దాచుకున్నాడు. మత్తయి మాస్టారు రాజోలు నుంచి క్యారేజీ పట్టుకుని వచ్చి ఉన్నారు. ఆయన అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచారు.

మత్తు దిగాక సత్యవతి కాలు చూసుకుంది. "చిటికెనవేలే కదా," అంది. "మెట్టె పెట్టుకునే వేలు కాదు. పోనీ." తరవాత ఆమె కూడా కాస్త ఏడ్చింది. ఏడ్చాక ఆకలన్నది. మాస్టారి క్యారేజీలోని చింతచిగురు పప్పు అన్నంలో కలిపి స్టెల్లా తినిపించింది. షుగరు చూసుకోవాలి, కొంచెమే అంటూ నర్సు వెంటపడింది.

ఆ సాయంత్రం స్టెల్లా మళ్ళీ ల్యాబు తలుపు తీసింది. తిల్లాకును పారేయాలని ఆమెకు అనిపించలేదు. అందులో క్రిమిని చంపేది ఏదో ఉంది, ఒంటిని కాల్చేదీ ఉంది. ఆ రెండూ ఒకటేనా, వేరువేరా? వేరైతే విడదీయొచ్చు. ఒకటే అయితే ఆ దారి మూసుకుపోయినట్టే, ఇంకో ఆకు చూసుకోవాలి. ఏది తేలినా, ఇక మీద ప్లేటు ఎవరికైనా చూపిస్తే రెండో మాట చెప్పకుండా చూపించనని అనుకుంది. ఎన్నాళ్ళ తరవాతో ఆమెకు ఒళ్ళు తేలికగా ఉంది. గాజు ప్లేట్లు కడుగుతూ చిన్నగా పాట కూడా తీసింది.

మర్నాడు పొద్దున్న వార్డుకు వెళ్ళేసరికి గంగయ్య వరండాలో టీ తాగుతున్నాడు. ఆమెను చూసి లేచి, "ఇంకో వారంలో పంపించేత్తారంటండి" అన్నాడు. మొహం విప్పారి ఉంది. "ఇంటికెళ్ళగానే మీకూ మాస్టారికీ పీతల పులుసు. రానంటే ఊరుకోనండి."

"వత్తానండి, తప్పకుండా," అంది స్టెల్లా అతని యాసలోనే. ఇద్దరూ నవ్వుకున్నారు.

మెట్ల దగ్గర నుంచి ఎవరో, "మేడంగారంటే తమరేనాండీ?" అన్నారు.

గోడ పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. గంగయ్య ఆమెను చూసి, "విజయకుమారీ, నువ్వేటిక్కడ?" అన్నాడు. స్టెల్లా వైపు తిరిగి, "మా వీధేనండి. మా చెరువులో రొయ్యలు పట్టే పనికి, పట్టుబడికి వత్తా ఉంటాది" అని చెప్పాడు.

విజయకుమారి అతనికి జవాబు చెప్పలేదు. స్టెల్లాతోనే మాట్లాడింది. "సత్యవతొదినకి నయమైపోయిందంట కదండీ. ఆవిడకి ఏసిన సూదే నాకూ ఏయించండి." చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తింది. పాదానికి పాత లుంగీగుడ్డ చుట్టి ఉంది. గుడ్డ పసుపుపచ్చగా తడిసి ఉంది. అంత దూరం నుంచే వాసన తెలుస్తోంది.

"ఎక్కడ తగిలిందండీ ఇది?"

"చెరువులోనండి. గంగయ్యన్నయ్య చెరువులో, కిందటిసారి పట్టుబడికి దిగినప్పుడు. గీరుకుంది కాసింతేనండి. పసుపెడితే పోద్దిలే అనుకున్నాను."

గంగయ్య టీగ్లాసు గోడ మీద పెట్టేశాడు. సత్యవతి కాలు కోసుకున్నదీ ఆ చెరువులోనే.

"మీ ఒక్కరికేనా?" అంది స్టెల్లా.

విజయకుమారి వెనక్కి తిరిగి గేటు వైపు చూసింది. అక్కడ ఆటో ఆగి ఉంది. అందులోంచి ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగుతున్నారు. దిగిన ప్రతి ఒక్కరూ ఒక కాలే నేలకు ఆనిస్తున్నారు.